సున్నం కింద పోయిన నంబరు

మిర్యాలగూడ
20 జూన్ 2011, సోమవారం

బుడ్డీ,

కవరు మీద యశోద అని రాశాను గానీ, లోపల ఎవరు చూస్తారు. నాకు నువ్వు బుడ్డివే.

ఫోన్ చేయమంటావు. మొన్న ఆదివారం చేశాను కదా. నీ గొంతు వినగానే నాకు మాట రాలేదు, నాకు రాకపోయేసరికి నీకూ రాలేదు, ఇద్దరం ఫోన్ చెవికి పెట్టుకుని ఊరికే నిలబడ్డాం. మిగతా రోజుల్లో మీ వార్డెన్ ఎలాగూ ఫోన్ గుంజుకుంటుంది. అందుకే రాస్తున్నాను. వయోజన బడిలో నేర్చిన అక్షరాలు, అక్కడక్కడా ఒత్తులు పోతాయి. నువ్వే పెట్టుకుని చదువు.

మనింటికి తిరిగి వచ్చాం. మీ అన్న పోయిన నక్షత్రం మంచిది కాదని అయ్యగారు ఇల్లు పాడు పెట్టమన్న మూడు నెలలు మొన్నటికి నిండాయి. రామనర్సయ్య మామ వేములపల్లి నుంచి ట్రాక్టర్ మీద సామాను తెచ్చి దింపాడు. పాలు పొంగించాను. బాపు గొర్రెలను దొడ్డిలోకి తోలాడు గానీ తను మాత్రం గడప దాటలేదు. వాకిట్లోనే మంచం వేసుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అన్న మహేశ్వర్ గదిలో మూలకు ఆ నల్ల పెట్టె ఉంది కదా, పాత కంప్యూటర్ విప్పి వాడు చేసుకున్నది. ఫైర్‌వాల్ అనేవాడు. నాకు అర్థం కాక అడిగితే, "మన దొడ్డికి కంపకంచె లెక్క అమ్మా. మన జీవాలు పోవొచ్చు రావొచ్చు, తోడేలు రావొద్దు" అన్నాడు. కరెంటు పెట్టాను. మూడు నెలలు పస్తున్న పెట్టె, గుర్రుమని లేచి పచ్చ దీపం వెలిగించింది. నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. వాడు లేచినట్టే అనిపించింది.

నువ్వు సెలవులకు వస్తే చదువుకుంటావని నెట్ లైన్ మళ్లీ ఇప్పించాను. ఫోన్ ఆఫీసు వాళ్లు కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి, దాన్ని పెట్టె లోపల రాయాలన్నారు. కంప్యూటర్ దుకాణం హీరాలాల్ సేఠ్‌ను పిలిపించాను. ఆయన చూసి, "ఆండాలమ్మా, దీని నంబరెంత? నంబరు లేకుంటే లోపలికి ఎట్ల పోవాలె?" అన్నాడు. ప్రతి యంత్రానికీ ఇంటి నంబరు లాంటిది ఒకటి ఉంటుందట. అది కొడితేనే తలుపు తెరుచుకుంటుందట. మన ఇంటి కంప్యూటర్‌లో ఆ నంబరు ఉండేదే గానీ, ఎలుకలు వైర్లు కొరికాయని బాగుచేయిస్తే, హీరాలాలే లోపలున్నదంతా తీసి కొత్తగా వేసి ఇచ్చాడు. మీ అన్న ల్యాప్‌టాప్ ఆ రోజు సూర్యాపేట దారిలో బండితో పాటే నుజ్జయిపోయింది.

ఇంకొక్క చోట ఉండేది బుడ్డీ. తలుపు పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఇల్లు మళ్లీ చొచ్చే ముందు సున్నం వేయాలంటే నా చేతులతో నేనే వేశాను. మూడు పూతలు. ఇంటికి పట్టిన మైల అంతా పోవాలని ఒత్తి ఒత్తి వేశాను.

నీకు ఆ నంబరు తెలుసా? లేకపోతే లోపలున్నదంతా తుడిచి కొత్తగా వేస్తానని హీరాలాల్ అంటున్నాడు. వచ్చే నెల ఎనిమిదిన, శుక్రవారం వస్తానన్నాడు. ఏం చేయమంటావో రాయి.

మీ అమ్మ
ఆండాలు


కోదాడ
25 జూన్ 2011

అమ్మకు, బాపుకు,

నీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. క్లాసులు మొదలయ్యాయి.

నంబరు నాకు తెలియదు. ఆ పెట్టె పాస్‌వర్డ్ తెలుసు, అన్న ఒకసారి చెప్పాడు. తాళంచెవి నా దగ్గరుంది గానీ ఇల్లు ఎక్కడుందో తెలియదన్నమాట. దానికి టీవీ లాంటి తెర తగిలించి చూద్దామన్నా వీల్లేదు. తెర తగిలించే కార్డు పీకేసి ఆ జాగాలో రెండో నెట్ కార్డు పెట్టాడు అన్న.

హీరాలాల్ గారినే తుడిచేయమను. అందులో అన్న ఫొటోలు ఏమీ లేవు. ఏది రావచ్చు, ఏది రాకూడదు అని రాసుకున్న నాలుగు వరుసలు ఉంటాయి, అంతే. పోయేదేమీ లేదు. ఎంత తొందరగా తుడిచేస్తే అంత మంచిది. నువ్వు దాని ముందు కూర్చుని ఏడవకు.

యశోద


మిర్యాలగూడ
29 జూన్ 2011

బుడ్డీ,

హీరాలాల్ గారు అని రాశావు. కోదాడ నీళ్లు పడ్డాయి నీకు. రేపు బాపును కూడా బాపు గారూ అంటావేమో.

నవ్వించడానికి రాశాను. నాకైతే నవ్వు రాలేదు. పోయేదేమీ లేదని రాశావు, తొందరగా తుడిచేయమని రాశావు. వాడు పోయి నాలుగో నెల నడుస్తోంది. వాడు రాసుకున్న నాలుగు వరుసలు ఎవరికి బరువు? నువ్వు చదువుకున్నదానివి, నీకు నాలుగు వరుసలు. నాకు వాడి చేత్తో రాసింది గోడ మీద ఒక్కటి ఉండేది, అది నేనే తుడిచాను. రెండోది కూడా నన్నే తుడిపించమంటున్నావు.

గొర్రెబొచ్చు కత్తెరతో మెల్లగా సున్నం గీకి చూశాను. ఒకటి అంకె కనిపించింది, పక్కన ఏడు. తర్వాత పెచ్చు ఊడి చేతిలో పిండయిపోయింది. ఇక గీకలేదు.

పెట్టె చుట్టూ తిరిగి ఎక్కడెక్కడ నంబరు ఉంటే అక్కడ చూసి రాశాను. వేరే కాగితం మీద పెట్టాను. అడుగున చిన్న చీటీ మీద ఉన్నది, వెనక తీగలు దూర్చే చోట రేకు మీద ఉన్నవి రెండు. అంకెల మధ్య ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి, చూసి బొమ్మలు వేసినట్టు వేశాను. ఇందులో ఏదైనా అదేనా?

బాపు వాకిట్లో నుంచే అంటున్నాడు, "గా పెట్టె మొరుగుడు ఇంటుంటే పిలగాడు లోపల కూసున్నట్టే ఉంటదే. బంద్ పెట్టు" అని. నేను బంద్ పెట్టనిది కూడా అందుకే. ఇద్దరికీ ఒక్కటే అనిపిస్తుంది, ఆయన వద్దంటాడు, నేను కావాలంటాను.

హీరాలాల్‌కు నేను ఇంకా ఏమీ చెప్పలేదు. శుక్రవారం వస్తాడు.

అమ్మ


కోదాడ
2 జూలై 2011

అమ్మా,

నీ ఉత్తరం చదివాను. నీకు కోపం వచ్చింది. రావాల్సిందే. కానీ నేను తుడిచేయమన్నది ఎందుకో నీకు తెలియదు. చెబుతాను. చదివాక నన్ను తిట్టు, ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

అన్న పోయింది మంగళవారం. అంతకు ముందు ఆదివారం నేను ఇంట్లో ఉన్నాను గుర్తుందా. నువ్వు, బాపు మందతో పోయారు. నేను స్నేహితులతో మాట్లాడుకునే పేజీ తెరిస్తే రాలేదు. లైన్ బాగాలేదన్నాడు అన్న. నాకు అనుమానం వచ్చి గట్టిగా అడిగితే, "పరీక్షలు అయ్యేదాక నేనే బంద్ చేసిన" అన్నాడు. ఆ పెట్టెలో నా పేరుతో ఒక వరుస రాసి మూసేశాడు.

నేను ఊరుకోలేదమ్మా. నువ్వు నాకు అన్నవా, కాపలా కుక్కవా అన్నాను. ఇంకా చాలా అన్నాను. బస్టాండుకు నా వెనకాలే వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి నీళ్ల సీసా ఇవ్వబోయాడు. నేను కిటికీ రేకు కిందికి లాగేశాను. అదే చివరిసారి.

ఆ వరుస అలాగే ఉంటుంది. నా పేరుతో మూసిన తలుపు. నా మీద కోపంతోనే సూర్యాపేట పోయాడని ఆ పెట్టె తెరిచిన ప్రతివాళ్లకూ కనిపిస్తుంది. నువ్వు చూస్తావు. అందుకే తుడిచేయమన్నాను.

నువ్వు ఉంచమంటే ఉంచు. ఇక నేను వద్దనను.

యశోద


మిర్యాలగూడ
6 జూలై 2011

బుడ్డీ,

హీరాలాల్‌ను రావద్దని చెప్పి వచ్చాను. "ఏం అమ్మా, కొత్తది మంచిగ ఉంటది గద" అన్నాడు. ఉంటుంది, నాకు వద్దు అన్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బాపుకు చదివి వినిపించలేదు. తిట్టమన్నావు. నేను ఏం తిట్టాలి. నా తమ్ముడు రామనర్సయ్యను చిన్నప్పుడు నేను కట్టెతో కొట్టి దవాఖానకు పంపాను. వాడు బతికి ఉన్నాడు కాబట్టి ఇప్పుడు చెప్పుకుని నవ్వుతాం. తేడా అంతే. వాడికి నీ మీద కోపం లేదని చెప్పాలని మనసు లాగుతోంది గానీ, నాకు తెలియనిది నేను రాయను. వాడి మనసులో ఏముందో నాకు తెలియదు. ఆ పెట్టెలో ఏముందో కూడా తెలియదు. తెలుసుకోవాలని ఉంది.

ఎట్లా లోపలికి పోవాలో నువ్వే చెప్పాలి. సూర్యాపేటలో మీ అన్నతో పనిచేసిన సతీష్ ఉన్నాడు కదా, కబురు పెడితే వస్తానన్నాడు. కానీ తనకూ ఆ నంబరు తెలియదట.

అమ్మ


కోదాడ
10 జూలై 2011

అమ్మా,

నువ్వు బొమ్మలు వేసినట్టు వేసి పంపిన కాగితం మా ల్యాబ్ సారుకు చూపించాను. ఒక్క అక్షరం తప్పు లేదమ్మా. నాకే అన్ని చూసి రాయడం రాదు.

అవి మనం వెతికే నంబరు కాదు. నెట్ కార్డు తయారైనప్పుడే దాని మీద వేసే నంబరు. మనిషికి పుట్టుమచ్చ లాంటిది, ఎక్కడికి పోయినా మారదు. మనకు కావాల్సింది అన్న పెట్టిన చిరునామా. కానీ ఈ పుట్టుమచ్చ ఉంటే చిరునామా పట్టుకోవచ్చని సారు అన్నారు. సతీష్ అన్నకు వేరే కాగితం రాసి ఇందులో పెట్టాను, ఇవ్వు. ల్యాప్‌టాప్‌కు, పెట్టెకు మధ్య ఒక తీగ కలపాలి. పెట్టెను ఒకసారి ఆపి మళ్లీ లేపాలి. అది లేచేటప్పుడు వినాలి. అంతే. దేన్నీ తుడవక్కర్లేదు. పాస్‌వర్డ్ కూడా అందులోనే రాశాను.

ఒక్కటే అడుగుతాను. నా పేరుతో ఉన్న వరుస కనిపిస్తే అందులో ఏముందో నాకు రాయకు.

యశోద


మిర్యాలగూడ
18 జూలై 2011, సోమవారం

బుడ్డీ,

ఏం రాయాలో తెలుసు, ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగినట్టే రాస్తాను.

నిన్న పొద్దున సతీష్ సూర్యాపేట బస్సు దిగి వచ్చాడు. బాపు వాకిట్లో గొర్రెపిల్లకు పాలు తాపుతూ, "ఏందిరా, చచ్చిన కంప్యూటర్‌కు దయ్యం దింపనీకి వచ్చినవా?" అన్నాడు. "దింపుడు గాదు బాపు, పల్కరిచ్చుడు" అన్నాడు సతీష్. నీ కాగితం చదివి, "యశోద మనకంటె ముందుకు పోయిందమ్మా" అన్నాడు. మీ అన్న ఉంటే ఆ మాటకు ఎట్లా చూసేవాడో.

ల్యాప్‌టాప్ కింద పెట్టి తీగ కలిపాడు. పెట్టెను ఆపాడు. గది అంతా ఒక్కసారి చప్పబడింది. మళ్లీ లేపాడు. ఏమీ రాలేదు. రెండోసారి కూడా రాలేదు. అప్పుడు సతీష్ తల కొట్టుకుని, "అయ్యో, ఇది బయటి దిక్కు తలుపు. లోపటి దిక్కుకు పెట్టాలె" అని తీగ పీకి పక్క రంధ్రంలో పెట్టాడు. మూడోసారి లేపాడు.

తెర మీద వరుసలు పరిగెత్తాయి. నేను రాసి పంపిన బొమ్మల నంబరే, నువ్వు పుట్టుమచ్చ అన్నదే, అందులో కనిపించింది. నేనే గుర్తుపట్టాను. సతీష్ కంటే ముందు వేలు పెట్టి చూపించాను. దాని పక్కనే ఉంది మనం వెతికేది. నూట డెబ్బై రెండు, ఇరవై, నలభై ఒకటి, ఆరు. ఈ అంకెలే ఎందుకు పెట్టాడో సతీష్‌కు తెలియదు, నాకూ తెలియదు.

"గింతసేపు దాసుకున్నది ఇప్పుడెట్ల చెప్పిందిరా?" అని అడిగాను.

"ఇది లేవంగనే ఒక్కసారి కేకేస్తదమ్మా. ఈ నంబరు నాది, ఇంకెవలకన్న ఉన్నదా అని. ఎవలు పల్కకపోతే గాడ కూసుంటది. మనం గా కేక ఇన్నం."

బాపు ఎప్పుడు వచ్చాడో గడప దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో పాల సీసా అలాగే ఉంది.

"గా కేక మన పద్ధతే గదనే" అన్నాడు నాతో. "కొత్త చేన్ల మంద పెట్టేటప్పుడు కేకేయమా? ఎవలన్న ఉన్నరా, మేం దిగుతున్నం అని. ఎవలు లేకుంటెనే జీవాలను కూసుండబెడ్తం. పిలగాడు నా ఎంబడి తిరిగినప్పుడు గా కేక వాడే ఏసెటోడు."

"గిది మహేశ్ పెట్టిండా, దాని పద్ధతే గంతేనా?" అని సతీష్‌ను అడిగాను.

"లోకంల అన్ని యంత్రాలు గంతే అమ్మా" అన్నాడు. "ఏదైనా సరే, కొత్త జాగల దిగితే ముందు అడుగుతది."

లోకంలో అన్ని యంత్రాలూ అట. ఎవరో తెలియని దేశం వాళ్లు మన గొల్లకురుమల మర్యాద యంత్రాలకు ఎట్లా నేర్పారో బుడ్డీ. నాకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను. ఎవరికి పెట్టానో తెలియదు. నాలుగు నెలల తర్వాత బాపు గడప లోపల అడుగు పెట్టింది అప్పుడే. వచ్చి గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

సతీష్ ఆ నంబరు కొట్టాడు. నీ పాస్‌వర్డ్ కొట్టాడు. తలుపు తెరుచుకుంది. ఫోన్ ఆఫీసు ఇచ్చిన కొత్త పాస్‌వర్డ్ రాసి లైన్ కలిపాడు. కలిపిన గడియలోనే తెర మీద ఒకటి వెనక ఒకటి ఎర్ర వరుసలు పడడం మొదలైంది. ఇవేమిటని అడిగితే, బయటి నుంచి తలుపు నూకి చూసేవాళ్లట. చైనా అట, రష్యా అట, ఇంకేవో పేర్లు చెప్పాడు. మిర్యాలగూడలో గొర్రెలోళ్ల ఇంటి తలుపు వాళ్లకెందుకు? దొంగలకు ఇల్లు ఎవరిదైతే ఏమిటమ్మా అన్నాడు. ప్రతి వరుసకూ పక్కన కొట్టివేత గుర్తు. ఒక్కరినీ రానివ్వలేదు. చూస్తూ చూస్తూ నేను కన్ను ఆర్పలేకపోయాను. రానివ్వొద్దని చెప్పిన పిలగాడు లేడు. చెప్పిన మాట మీద అది నిలబడి ఉంది. మూడు నెలలు కరెంటు లేక పడి ఉండి, లేచీ లేవగానే మళ్లీ వాడి మాటే పట్టుకుంది.

ఇప్పుడు నీ సంగతి. రాయొద్దన్నావు. రాస్తాను. ఇది దాచే హక్కు నాకు లేదు.

నీ పేరుతో వరుస ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు రాసుకున్నాడు, సతీష్ చదివాడు. "యశోద - పరీక్షలు అయ్యేదాక" అని మొదట ఉండేదట. ఎప్పుడెప్పుడు ఏం మార్చారో ఆ పెట్టె తేదీతో, గంటతో సహా రాసి పెట్టుకుంటుందట. ఆ పాతవి కూడా తెరిచి చూపించాడు. ఇప్పుడు ఉన్నది అది కాదు. ఆ వరుసను వాడే మార్చాడు. ఇప్పుడు ఇట్లా ఉంది:

"యశోదకు తెరిచిన. చెప్పకుండ మూసుడు నాదే తప్పు. వచ్చినంక చెప్పాలె."

తలుపు మూసి లేదు బుడ్డీ. తెరిచే ఉంది.

తేదీ మార్చి ఎనిమిది. మంగళవారం. పొద్దున ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. సతీష్ ఆ అంకెలు రెండుసార్లు చదివాడు. బాపు లేచి వచ్చి, చదువు రాకపోయినా, ఆ వరుస మీద చేయి పెట్టాడు.

ఆ ఎనిమిది ఇరవై నాకు తెలుసు. పప్పు, అన్నం కలిపి పెట్టి పిలిచాను. "ఒక్క నిమిషమే అమ్మా" అన్నాడు గదిలో నుంచి. మళ్లీ పిలిచాను. "అయిపాయె, అయిపాయె" అన్నాడు. అన్నం చల్లారింది. వచ్చి నిలబడే రెండు ముద్దలు మింగి, సూర్యాపేటలో పని ఉందని బండి తీశాడు. తినే పూట ఆ పెట్టె తినేస్తోందని దాన్ని తిట్టాను, వాడినీ తిట్టాను. ఆకలితో పోయాడు నా కొడుకు అని ఈ నాలుగు నెలలు ప్రతి ముద్దకూ గుర్తొచ్చేది. ఆ ఒక్క నిమిషం దేనికో నాకు నిన్న తెలిసింది. నీ తలుపు తీసి పోయాడు. ఇక నేను ఆ నిమిషాన్ని తిట్టను.

సతీష్ ఆ వరుసలన్నీ కాగితం మీదికి తీసి ఇచ్చాడు. పెట్టె పాతది, ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుందని, ఆగినా ఈ వరుసలు కొత్త దాంట్లో అలాగే పెట్టవచ్చని చెప్పాడు. ఒక ప్రతి ఇందులో మడిచి పెట్టాను. నీది నాలుగో వరుస. గదిలో ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు, లేకపోతే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదువు, నీ ఇష్టం.

బాపు మంచం లోపలికి వేసుకున్నాడు. పెట్టె మొరుగుతోంది. బంద్ పెట్టమనలేదు.

హాస్టల్‌లో సగం తిని లేస్తున్నావని నీ గది పిల్ల రుక్మిణి నాకు చెప్పింది. కూర బాగాలేకపోతే నేను పంపిన పచ్చడి వేసుకో. వేళకు కూర్చుని కడుపునిండా తిను.

మీ అమ్మ
ఆండాలు